టేపుకు అవతల

మోటార్లు చుట్టే మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతటికీ తెలుసు. కాలిపోయిన మోటారు తెచ్చినవాణ్ణి ముందు నాలుగు తిట్టి, ఆ తరవాతే పని అందుకుంటాడు. తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు, ఎందుకంటే ఆయన తీగ చుట్టిన మోటారు పదేళ్ళయినా మొరాయించదు. అలాంటి మనిషితో, ఆయన ఇంట్లోనే, కన్నకూతురు తన గది గుమ్మానికి అడ్డంగా నేల మీద పసుపు టేపు అంటించి, "ఇది దాటి రావద్దు నాన్నా" అంది.

"ఏం, నాకేమైనా అంటురోగమా?"

"నీ గుండెకు పేస్‌మేకర్ ఉంది. నా యంత్రం కరెంటుకు అది తడబడొచ్చు."

ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. ఆరు నెలల కిందట ఎడమ భుజం కింద ఆ పెట్టె పెట్టించుకుని వచ్చిన రోజే భార్యచేతా కూతురిచేతా ఒట్టు వేయించుకున్నాడు. కరెంటుకు భయపడాల్సిన మేస్త్రి దగ్గరికి మోటారు ఎవడు తెస్తాడు? పోటీగా మోటార్లు బాగుచేసే ఎదురు షాపువాడి చెవిన పడిందంటే పొద్దుగూకేలోపు ఊరంతా టముకు వేస్తాడు.

టేపుకు అవతల, బల్ల మీద ఉంది పిల్ల చేసిన యంత్రం. నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టం, దాని లోపల పైకీ కిందికీ తిరిగే రబ్బరు బెల్టు, నెత్తిన అంచులు కలిపి ఒకే గుండ్రటి గిన్నెలా అతికించిన రెండు స్టీలు గిన్నెలు. కింద మోటారు తిరిగితే, బెల్టు రాపిడికి పుట్టిన కరెంటు పైనున్న గిన్నెలో పోగవుతుంది. దగ్గరికి ఇనుపముక్క తెస్తే చిటుక్కున మెరుపు దూకుతుంది. బడిలో సైన్సు ప్రదర్శన కోసం పదో తరగతి పిల్ల రెండు నెలలు దానితోనే కూర్చుంది. మోటారూ, దాని ఫ్యూజూ, దాన్ని మూసిన చెక్కపెట్టే మాత్రం మేస్త్రి చేసిచ్చాడు.

"నిప్పురవ్వ మరీ చిన్నది," అన్నాడు గుమ్మంలోంచే. "రేకు చుట్టిన సీసా ఒకటి తగిలించు, మెరుపు పెద్దదవుతుంది. అందరూ అదిరిపోతారు."

"అదిరిపోవడమేనా, పోతారు కూడా. సీసా పెట్టను."

ఆయనకు ఒళ్ళు మండింది. గుమ్మం పక్క గోడకున్న ప్లగ్గు పీకి యంత్రం ఆపేసి, టేపు దాటి, పక్కకు ఒరిగిన గిన్నె సరిచేద్దామని చెయ్యి చాచాడు. పిల్ల చేతిలో ప్లాస్టిక్ పిడి ఉన్న ఇనపచువ్వ ఒకటి ఉంది. ఆ పిడితో ఆయన ముంజేతి మీద ఠపీమని ఒక్కటి వేసింది.

"ప్లగ్గు పీకేశాను కదే."

"పీకితే ఆగేది మోటారు నాన్నా. గిన్నెలోకి ఎక్కింది అక్కడే ఉంటుంది." ఎర్త్ తీగ కట్టిన ఆ చువ్వను గిన్నెకు ఆనించింది. చిటుక్కుమంది. ముప్పై ఏళ్ళుగా ప్లగ్గు పీకడమొక్కటే నమ్ముకుని బతికిన మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కానీ తప్పు ఒప్పుకోవడం ఆయన ఇంటావంటా లేదు. మూడు రోజులు కూతురితో మాట్లాడటం మానేశాడు.

బడిలో ప్రదర్శన రోజు వచ్చింది. వెళ్ళొద్దని భార్య చెప్పింది కాబట్టి మరీ పట్టుబట్టి వెళ్ళాడు. తరగతి గది నిండా జనం. ముందు వరుసలో ఎదురు షాపువాడు, మేస్త్రిని చూసి పళ్ళికిలించాడు. మార్కులు వేసే ఇద్దరు మేడములు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు.

"ఫోన్లు బయట పెట్టండి," అని మొదలుపెట్టింది పిల్ల. "నేల మీది ఈ పసుపు టేపు దాటకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళెవరైనా ఉంటే గది బయటికి వెళ్ళిపోండి."

ఎవరూ కదల్లేదు. మేస్త్రీ కదల్లేదు. నలుగురిలో తన పరువు తియ్యడానికే ఆ మాట అన్నదని లోపల కుతకుత ఉడికిపోయాడు. వెనక గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. ఇంత దూరాన ఏమవుతుందిలే అనుకున్నాడు.

పిల్ల ఆయన్ని చూసింది. గొంతు పెంచి అదే మాట మళ్ళీ చెప్పింది. ఆయన పైకప్పు వంక చూశాడు.

పిల్ల స్విచ్చి మీద నుంచి చెయ్యి తీసేసింది. "బెల్టు తెగింది మేడమ్," అంది. "నేనే సరిగ్గా అతికించలేదు."

"రెండు నెలలు చేశానన్నావు, బెల్టు చూసుకోలేదా?" అని ఒక మేడమ్ కాగితం మీద ఏదో కొట్టేసింది. వెనకెవరో నవ్వారు. "పిల్లచేష్టలు కదండీ, అంతే ఉంటాయి," అన్నాడు ఎదురు షాపువాడు.

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బెల్టు తెగలేదు. పొద్దున్న దాన్ని ఆయనే లాగి చూశాడు. నవ్వినవాడి మీద, మేడమ్ మీద, ఎదురు షాపువాడి మీద విడివిడిగా మండిపడ్డాడు. ఆ పిల్ల ఎవరికోసం అబద్ధమాడి తలవంచుకుందో అప్పుడు తట్టింది. అంతమందిని చుట్టొచ్చిన కోపం చివరికి వచ్చి ఆయన నెత్తినే కూర్చుంది.

"బెల్టు తెగలేదు," అన్నాడు గట్టిగా. గది మొత్తం వెనక్కి తిరిగింది. "దాని పనికి వంక లేదు. పేస్‌మేకర్ ఉన్నది నాకు. పొమ్మని రెండుసార్లు చెప్పింది, నేనే పోలేదు."

ఎదురు షాపువాడి కళ్ళు ఆయన చొక్కా జేబు దగ్గర ఆగిపోయాయి. ఇక వీధిలో చెప్పడానికి ఏమీ మిగల్లేదు, అంతా తనే చెప్పేశాడు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయనుకున్నాడు. ఆ పిల్ల ముఖం కోపంతో కందగడ్డలా ఉంది.

"మరింకా ఎందుకు నించున్నావ్? పో."

ఆయన వరండాలోకి వెళ్ళాడు.

"ఇంకా," అని లోపలి నుంచి కేకేసింది. పది అడుగులు వేశాడు. "ఇంకా వెళ్ళు నాన్నా." పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటకూ వెనక్కి తగ్గనివాడు, వరండా చివర మెట్ల దాకా నడిచాడు. మోటారు గొంతు సన్నగా వినిపించింది, అది తను చుట్టిందే. కాసేపటికి గదిలో అందరూ ఒక్కసారిగా గోలపెట్టారు. ఎదురు షాపువాడు కూడా చూస్తున్నాడు ఆ మెరుపుని. మేస్త్రికి అక్కడి నుంచి గోడ తప్ప ఏమీ కనిపించలేదు.