‘నువ్వు’ అనే ముందు

ద్రాక్షాకుల్లో బియ్యం కూరి చుడుతుంటే వెనక మా ఆయన రిఫాత్ నవ్వు వినిపించింది. “విన్నావా అమ్మా, నీ కోడలు వాళ్ళ డైరెక్టరమ్మని జర్మన్‌లో ‘నువ్వు కూర్చో’ అందట! ఊరంతా చెప్పుకుంటున్నారు.” అత్తయ్య కూడా నవ్వింది. “దుప్పట్లు ఉతుక్కునేదానికి పైఅంతస్తు ఉద్యోగాలెందుకే నజ్మియే? ఆకు కాస్త సన్నగా చుట్టు” అంది.

నవ్వరూ మరి! జర్మనీలో, ఈ డ్యూస్‌బర్గ్ ఊళ్ళో నేను పనిచేసే వృద్ధాశ్రమంలో తలకి గుడ్డ కట్టుకున్న టర్కీ ఆడవాళ్ళమంతా కింద లాండ్రీలోనే. పైన ముసలివాళ్ళని చూసుకునే పని ఖాళీ అయితే ధైర్యం చేసి అడిగాను. మామగారి పక్షవాతం, అత్తయ్య నడుం నొప్పి, అన్నీ ఇంట్లో ఊరికే చేసినవే కదా. అదే పనికి జీతమూ, మెడలో పేరున్న బిళ్ళా ఇస్తారంటే ఆశ పడనా? తీరా డైరెక్టర్ ఫ్రావు క్లాసెన్, అంటే శ్రీమతి క్లాసెన్, గదిలోకి రాగానే మర్యాదకి లేచి నిలబడి “నువ్వు కూర్చో” అన్నాను. ఆవిడ మొహం మాడ్చుకుంది. “ముందు భాష నేర్చుకో, తర్వాత చూద్దాం” అని పంపేసింది.

ఈ గోడు ఫ్రావు బ్రింక్‌మన్ దగ్గర వెళ్ళబోసుకున్నాను. ఆవిడ పైఅంతస్తులో ఉండే రిటైరైన టీచరమ్మ. ఉతికిన బట్టలిచ్చేది నేనే. అందరిలా నవ్వలేదు. “ఈ దేశంలో మిమ్మల్ని ఎవరైనా ‘మీరు’ అన్నారా?” అని అడిగింది.

నాకు ఠక్కున ఎవరూ గుర్తు రాలేదు. మా టర్కిష్‌లోనూ ఆ తేడా ఉంది, కానీ జర్మన్ నాకు బళ్ళో నేర్పలేదెవరూ. లాండ్రీ సూపర్‌వైజరు జర్మన్ ఆడవాళ్ళని ఇంటిపేరుతో, మర్యాదిచ్చి పిలిచి, మావైపు తిరిగేసరికి “నువ్వు, త్వరగా!” అనేవాడు. డాక్టరూ అంతే, పిల్లల బడిలో గుమాస్తా అంతే. ఇంట్లో అయితే ఆ ‘నువ్వు’ కూడా ఉండదు, “టీ” అంటే టీ వచ్చేయాలి. చెవిన పడని మాట నోట ఎలా వస్తుంది? తప్పు నాది కాదని తెలిసేసరికి దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

ఆవేళ నుంచి నేను పక్క సర్దుతుంటే ఆవిడ నేర్పేది. “చెప్పండి, ఫ్రావు కరాదాగ్” అని మా ఇంటిపేరుతో పిలిచేది. ఆ పిలుపు కోసమే మెట్లెక్కేదాన్ని. ఇప్పటికీ నా ప్రతి నమాజులో ఆ తల్లి పేరు ఉంటుంది.

ఒకరోజు రెండు గ్లాసుల్లో ఆపిల్ రసం పోసింది. “‘మీరు’ నుంచి ‘నువ్వు’కి మారేటప్పుడు మేం వైన్ తాగుతాం. మీకు కుదరదుగా, ఇదే తాగుదాం. వయసులో పెద్దదాన్ని, నేనే అడగాలి. ఇకనుంచి మనం ‘నువ్వు’ అనుకుందామా? నా పేరు రోజ్‌విథా.”

నన్ను ‘నువ్వు’ అనడానికి కూడా నా ఇష్టం అడుగుతారని నాకు తెలీదు. అడిగినందుకు ఆవిడ చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను.

మళ్ళీ డైరెక్టర్ ముందు నిలబడ్డాను. “కూర్చోండి, ఫ్రావు క్లాసెన్” అన్నాను. ఆవిడ మురిసిపోయి, “పర్లేదే, బాగా నేర్చుకున్నావు!” అంది. నోరు మూసుకుంటే ఉద్యోగం నాదేనని తెలుస్తూనే ఉంది.

“క్షమించండి మేడమ్. ‘నువ్వు’ అనుకుందామా అని మీరు నన్నెప్పుడు అడిగారు?”

ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. కిటికీలోంచి బయటికి చూసింది, నా వైపు చూసింది.

“సోమవారం నుంచి పైకి రండి, ఫ్రావు కరాదాగ్.”