హోటల్లో ఆమేన్

"రెజీనా, మధ్యాన్నానికి వంట చెయ్యాకు. బయట తిందాం. షాలినిని స్కూల్ నించి నేనే తీసుకొస్తా. అమ్మను కూడా రెడీగా ఉండమను."

ఫోన్లో జాబెజ్ గొంతు వెనక టిప్పర్ల హారన్లు మోగుతున్నాయి. బండ్రి గనుల దగ్గర లోడింగు లైన్లో నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు. ఆమె సరే అనేలోపే పెట్టేశాడు.

వంట చెయ్యక్కర్లేదని మొగుడు తనంతట తానే చెప్తే ఇంకో ఇంట్లో ఇంకో ఆడమనిషి పండగ చేసుకునేది. రెజీనా మాత్రం పెనం మీద జొన్నరొట్టె మాడిపోతున్నా తిప్పకుండా నిలబడింది. ఈ రోజు శనివారం. ఆదివారం గుడి అయ్యాక హోటలుకు పోవడం వాళ్ళకు మామూలే. బిర్యానీ తిని, ఐస్‌క్రీం తిని, ఇంటికొచ్చి నిద్రపోతారు. అందులో ప్రమాదమేమీ లేదు. ఆదివారం కాని రోజు జాబెజ్ హోటలుకు పిలిచాడంటే మాత్రం ఏదో తేల్చేశాడని అర్థం. తేల్చింది ఏమిటో ఆమెతో చెప్పడు. దేవుడితో చెప్తాడు.

ఇది బయటివాళ్ళకు ఒక పట్టాన అర్థం కాదు. బళ్ళారి కంటోన్మెంట్‌లో పాత మిషన్ గుడికి పోయే తెలుగు కుటుంబాల్లో భోజనానికి ముందు ఇంటిపెద్ద ప్రార్థన చేస్తాడు. అందరూ కళ్ళు మూసుకోవాలి. మధ్యలో మాట్లాడకూడదు. చివర్న బల్ల చుట్టూ ఉన్న ప్రతి ఒక్కరూ ఆమేన్ అనాలి, అన్నాకే చెయ్యి కంచంలోకి పోవాలి. జాబెజ్ నాయన గిద్యోను బతికున్న రోజుల్లో ఈ పద్ధతి మరీ గట్టిగా ఉండేదట. ఒక్కరు ఆమేన్ మింగినా ప్రార్థన మళ్ళీ మొదటికొచ్చేదట. ఇంట్లో అయితే జాబెజ్ రెండు ముక్కల్లో ముగిస్తాడు. హోటల్లో, అదీ ఆదివారం కాని రోజున, ప్రార్థన పెరుగుతుంది. వానలకు స్తోత్రం, ఆరోగ్యానికి స్తోత్రం, ఘాట్‌లో టైర్లు పేలనందుకు స్తోత్రం. ఆ స్తోత్రాల మధ్యలో ఎక్కడో రెజీనా బతుకు ముక్క ఒకటి మెత్తగా జారవిడుస్తాడు. ఏదో విన్నానే అనుకునేలోపు అందరూ ఆమేన్ అంటారు. ఆమె నోరు కూడా అలవాటుగా అనేస్తుంది. ఆమె స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే రోజుల్లో, ఏ ప్రోగ్రాం వేసినా పిల్లలు పైన రాసింది చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అనే బటన్ నొక్కేవాళ్ళు. చదవండ్రా, చదివి నొక్కండ్రా అని గొంతు పోయేలా అరిచేది. ఆ టీచరమ్మే ఇక్కడ తలొంచుకుని చదవకుండా నొక్కేస్తోంది.

మొదటిసారి హొస్పేటలో. జాబెజ్ గుమాస్తా ఉద్యోగం వదిలేసి మొదటి టిప్పర్ కొన్న ఏడాది. చైనాలో ఏవో ఆటల పోటీలకని ఊళ్ళకు ఊళ్ళే కడుతున్నారట, ఈడ ఇనుపమట్టి తవ్వినోడు తవ్వినట్టు కార్లు కొంటున్నాడు. డ్యాం చూపించి, పెద్ద హోటలుకు తీసుకుపోయాడు. చేపల వేపుడు పొగలు కక్కుతోంది. "రెజీనాకు స్కూల్ పని భారం నుంచి విడుదల దయచేసినందుకు స్తోత్రం ప్రభువా." ఆమేన్. కళ్ళు తెరిచాక తెలిసింది, హెడ్‌మిస్ట్రెస్‌తో ముందురోజే మాట్లాడేశాడని.

"ఒక మాట నన్ను అడగల్ల కదా" అని గొణిగింది.

"ఇంటికి పోయినాక మాట్లాడదాం లే. అందరూ చూస్తాండారు. తిను, ముల్లు చూసుకో."

ఇంటికి పోయాక మాట్లాడలేదు. ఆ తర్వాత ఆమె 'ఊరికే' ఇంట్లో ఉంది. ఊరికే ఉండి డ్రైవర్లకు పొద్దున్నే బొరుగుల ఒగ్గాణి, మిర్చి బజ్జీలు చేసింది. ట్రిప్పులన్నీ కంప్యూటర్లో ఎక్కించింది. ఎన్నిసార్లు జాడించినా ఎర్రనీళ్ళే వదిలే చొక్కాలు ఉతికింది. అత్తకు షుగరు మందులు, షాలినికి ఎక్కాలు, ఇంటికొచ్చిన ప్రతి పార్టీకి టీ. "మా కోడలికేం, రాణి మాదిరి కూర్చొని తింటాది" అని అత్త సరోజమ్మ గుడి మెట్ల మీద పదిమందితో అనేది. రాణి పక్కనే నిలబడి అత్త చెప్పులు వెతికేది.

రెండోది మాత్రం తలుచుకోకుండా ఉండాలనుకుంటుంది. ఇంట్లోవాళ్ళు ఉండనివ్వరు.

"తుమకూరు దగ్గర తట్టె ఇడ్లీ తింటిమి సూడప్పా, కంచమంత ఇడ్లీ. వెన్న ఎట్ల కరుగుతాండె! అట్లాంటిది మళ్ళా తినలేదు" అని ఇప్పటికీ జాబెజ్ వచ్చినవాళ్ళకు చేతులతో సైజు చూపిస్తాడు.

ఆ రోజు బెంగళూరు పెద్దాస్పత్రి నుంచి రెజీనా అమ్మను తీసుకుని వెనక్కి వస్తున్నారు. ఇంక మందులు పెద్దగా పనిచెయ్యవు, దగ్గరుండి బాగా చూసుకోండి అన్నాడు డాక్టరు. దగ్గరుండి అన్న మాట దగ్గరే రెజీనా మనసు ఆగిపోయింది. కారులో కూర్చుని మనసులోనే ఇల్లు సర్దేసింది. ముందుగదిలో కిటికీ పక్కన మంచం, తలవైపు ఫ్యాను, షాలిని ఆడుకుంటుంటే అమ్మకు కనబడేలా. అమ్మ సువార్తమ్మకు హోటల్లో బల్ల ముందు కూర్చుని తినడం అదే మొదటిసారి. ఇడ్లీ చూసి చిన్నపిల్లలా నవ్వింది. "ఓయమ్మా, ఇది ఇడ్లీనా, దిండా? దీనిమీద పండుకోవచ్చు" అంది. జాబెజ్ కూడా నవ్వాడు. నవ్వి, కళ్ళు మూశాడు.

"అత్తమ్మ మోకలో నెహెమ్యా ఇంట్లోనే నెమ్మదిగా ఉండేకి దారి చూపించినందుకు స్తోత్రం ప్రభువా."

నెహెమ్యా ఆమె తమ్ముడు. ఆ మోక పల్లెలో వాడికుండేది ఒకే గది. మొగుడూ పెళ్ళామూ పొద్దున పొలానికి పోతే చీకటి పడ్డాక వస్తారు. ఆమేన్ అన్నారు అందరూ. అందరికంటే గట్టిగా అన్నది అమ్మ. రెజీనా పెదవులు కూడా కదిలాయి, శబ్దం కూడా వచ్చింది. కళ్ళు తెరిచేసరికి అమ్మ తన ఇడ్లీ మీది వెన్నను వేలితో తీసి కూతురి ఇడ్లీ మీద పెడుతోంది. "దూది మాదిరి ఉండాది పాపా. తిను. సల్లారితే గట్టిపడతాది." ఆ మాట ఇడ్లీ గురించి కాదని రెజీనాకు తెలుసు. కూతురు ఏడిస్తే అల్లుడి ముందు మాటొస్తుందని అమ్మ భయం. రెజీనా ఏడవకుండా ఇడ్లీ అంతా తినేసింది.

ఆ తర్వాత వారానికోసారి మోక బస్సెక్కి పోయేది. అమ్మకు తలస్నానం చేయించి, నాలుగు ముద్దలు తినిపించి, డ్రైవర్ల వంట వేళకు తిరిగొచ్చేది. క్రిస్మస్‌కు ముందు అమ్మ పోయింది. ఆ క్షణాన రెజీనా బళ్ళారిలో పప్పుకు తిరగమోత పెడుతోంది.

ఇప్పుడు మళ్ళీ శనివారం హోటలు.

చీర మార్చుకుని అత్త గదిలోకి పోయింది. "ఏం సంగతి అత్తమ్మా, ఈ పొద్దు హోటలంటాండాడు?"

"నాకేం తెలుసమ్మా" అంది సరోజమ్మ, అప్పటికే కట్టుకున్న చీర కుచ్చిళ్ళు మళ్ళీ సర్దుకుంటూ. కాసేపటికి తలెత్తకుండానే అంది, "నీకు ఏసీ రూములో అన్నా చెప్తాండాడు. మీ మామ నాకు సంగటిముద్ద ముందర చెప్తాండె. నా కమ్మలు పోయింది అట్లే. మా చెల్లెలి పెండ్లికి నేను పోకుండా నిల్చిపోయింది అట్లే. ఆమేన్ అంటి, తింటి."

"ఎప్పుడూ అనకుండా ఉండలేదా?"

"అనకుంటే ప్రార్థన మళ్ళా మొదట్నించి చేస్తాడు గదా తల్లీ. పిల్లోల్లు ఆకలికి ఏడుస్తాండ్రి."

హోటల్ కొత్తది. అద్దాల తలుపులు, చేపలు తిరిగే గాజుతొట్టి, 'ఫ్యామిలీ రూం' అని బోర్డు. తెల్లచొక్కాల మనుషులు బల్ల మీద రెండేసి ఫోన్లు పెట్టుకుని గట్టిగా మాట్లాడుతున్నారు. షాలిని రెండో తరగతి యూనిఫాంలోనే వచ్చింది. దగ్గుతూనే మెనూ కార్డు అక్షరం అక్షరం చదువుతోంది. సర్వరు వచ్చి "ఏన్ కొడ్లి సార్?" అని కన్నడంలో ఏం కావాలో అడిగాడు. టమాటా సూపు, గోబీ మంచూరి, బటర్ నాన్, పనీర్ చెప్పాడు జాబెజ్. తల్లికి పెరుగన్నం చెప్పాడు. "మేడమ్‌గె?" అని సర్వరు రెజీనా వైపు చూస్తే, "ఆమెకు ఏదైనా సరే. అందరిదీ మిగిలిందే సాలు ఆమెకు" అని నవ్వాడు. సర్వరు మర్యాదకు నవ్వాడు. నిజానికి ఆమె కూడా నవ్వబోయింది. అది కూడా అలవాటే.

అన్నీ వచ్చాయి. జాబెజ్ ఫోన్లు రెండూ ఆపి కళ్ళు మూశాడు.

"మా తండ్రీ, ఈ ఆహారం కోసం స్తోత్రం. బండ్లను కాపాడినందుకు స్తోత్రం. అమ్మకు ఆరోగ్యం ఇచ్చినందుకు స్తోత్రం." రెజీనా ఈసారి కళ్ళు మూయలేదు. అతని పెదవుల్నే చూస్తూ కూర్చుంది. రోడ్డు మీద టిప్పర్ ఎదురొస్తుంటే చూసినట్టు. "షాలినికి ఊటీ స్కూల్లో సీటు దయచేసినందుకు స్తోత్రం ప్రభువా. జూన్ నెల నుంచి హాస్టల్లో బిడ్డను నీ చేతుల్లో పెట్టి కాపాడుము. ఈ భోజనాన్ని దీవించుము. యేసు నామంలో..."

"ఆమేన్" అంది సరోజమ్మ.

"ఆమేన్" అంది షాలిని. అని, చెయ్యి మంచూరి దాకా పోయి, మధ్యలో ఆగింది. "హాస్టలా? ఎవరు, నేనా?"

రెజీనా ఆమేన్ అనలేదు.

జాబెజ్ ఆగాడు. ఇంకాసేపు ఆగాడు. తర్వాత కళ్ళు తెరిచి మెల్లగా అన్నాడు, "రెజీనా. ఆమేన్ అను. సల్లారిపోతాండాది."

ఆమె కూతుర్ని చూస్తోంది. ఆ పిల్ల ముక్కు చివర ఎప్పుడూ ఉండే ఎర్రటి దుమ్ము గీత. ఏడేళ్ళ పిల్ల, ఇంకా తల్లి కొంగు పట్టుకుంటేగానీ నిద్రపోదు.

"ఏమే, వినపడలేదా? దుమ్ముకు బిడ్డ దగ్గుతాండేది నువ్వు చూస్తల్యావా? దాని మంచికే గదా చేసింది. ఇంటికి పోయినాక మాట్లాడదాం. సుమ్నె, ఊరికే ఆమేన్ అను, అందరూ చూస్తాండారు."

"ప్రభువా" అంది రెజీనా, గట్టిగా.

పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. సరోజమ్మ కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. షాలినివీ పడ్డాయి. జాబెజ్ నోరు తెరిచాడు, మళ్ళీ మూశాడు. ఒకరు ప్రార్థన మొదలుపెట్టాక మధ్యలో మాట్లాడిన మనిషి ఆ ఇంట్లో ఇంతవరకూ పుట్టలేదు. అతను కూడా కళ్ళు మూసుకోక తప్పలేదు.

"నాకు పెద్ద మాటలు రావు ప్రభువా. ఈయన నీకు స్తోత్రం చెప్పినాడు. నన్ను మాత్రం అడగలేదు. బిడ్డను కూడా అడగలేదు. బిడ్డ దగ్గుతాండేది నిజమే. దాని వీపు నిమురుతా కూర్చునేది నేనే, నాకు తెల్దా? పంపల్లనో వద్దనో ఇంట్లో మాట్లాడుకుందుము. కొట్లాడుకుందుము. ఈడికి తీసుకొచ్చి ఎందుకు చెప్తాడో నీకు తెలుసు, నాకు తెలుసు. ఈడైతే నేను అరవను."

సర్వరు నీళ్ళ జగ్గు పట్టుకుని దూరంగానే ఆగిపోయాడు.

"ఆ పొద్దు మా అమ్మ అంతా వినింది ప్రభువా. విని కూడా నాకు వెన్న పెట్టింది. యాడ ఏడుస్తానో అని. ఆ పొద్దు నేను కూడా ఆమేన్ అంటి. ఆ ఆమేన్ వాపసు తీసుకుంటాండా. మీ అమ్మ పోయింది, ఇంక ఏం లాభమని నువ్వు అడుగుతావు. ఏం లాభం లేదు. అయినా తీసుకుంటాండా."

అంతటితో ఆగిపోయింది. చెప్పాల్సింది ఇంకేమీ లేదు, ఒక్క మాట తప్ప. ఆ మాట కోసం జాబెజ్ తల వంచుకుని, దవడ బిగించి కూర్చున్నాడు. సరోజమ్మ కూడా కళ్ళు మూసుకునే ఉంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు చెంప మీదికి జారి, ముడతల్లో ఇంకిపోతున్నాయి. సూపు మీద మీగడ కట్టింది.

షాలిని ఒక కన్ను తెరిచింది.

"మమ్మీ, ప్రార్థన అయిపోయిందా?"

"ఇంకా కాలేదు తల్లీ" అంది రెజీనా. "నువ్వు తిను."