జూన్ ముప్పై ఒకటి

మా మేనేజరుకి ప్రెస్సులో అందరం కలిసి పెట్టుకున్న పేరు గడియారం. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన కళ్లు చేతి వాచీ మీదే ఉంటాయి. నా పని, క్యాలెండర్లూ డైరీలూ అచ్చుకి వెళ్లేముందు తప్పులు చూడటం. ప్రతి పేజీనీ మూడుసార్లు చూస్తాను. మొదటిసారి చేతులు చల్లబడతాయి, రెండోసారి గుండె దడదడలాడుతుంది, మూడోసారి చూస్తేగానీ ఊపిరి ఆడదు. జబ్బే అనుకోండి. ఆ జబ్బే పదకొండేళ్లుగా మా ప్రెస్సు పరువు కాపాడింది.

గడియారానికి ఈ ఆలస్యం గిట్టలేదు. పనిలో ఆందోళన తగ్గించుకోవడం ఎలాగో నేర్పడానికి ఆఫీసువాళ్లు ఒకావిడను పిలిపించారు. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చాలి, నాలుగు లెక్కపెడుతూ వదలాలి అని చెప్పిందావిడ. మర్నాటి నుంచి ఆయన నా వెనక నిలబడి, నేను పేజీ తిప్పినప్పుడల్లా "పీల్చు, వదులు" అనేవాడు. మెషిన్ల దగ్గరివాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

తర్వాత సంతకం పెట్టి మరీ నా బల్ల మీద ఒక కాగితం అంటించాడు. ఏ పేజీనైనా ఒక్కసారే చూడాలి. మేనేజరు చేసిన పేజీల జోలికి అసలు పోకూడదు. మాట మీరితే ఉద్యోగం ఉండదు.

ఇంటికెళ్లి అక్క దగ్గర ఏడ్చాను. ఆమె కూరగాయలు తరుగుతూ తలెత్తకుండానే అంది: "ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దవాళ్లు. గుండు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఊరుకోవడం నేర్చుకో."

నేర్చుకున్నాను.

డిసెంబరులో, కంప్యూటర్లో పేజీలు కట్టే అమ్మాయి సెలవు పెట్టింది. ఒక ట్రాక్టర్ల కంపెనీ క్యాలెండరు తొందరగా కావాలంటే గడియారమే కూర్చుని చేశాడు. మే పేజీని కాపీ చేసి, పైన జూన్ అని మార్చి, వారాలు సర్దాడు. చివరి గడి తీసెయ్యడం మరిచిపోయాడు. ఆ కాగితాలు పట్టుకుని నా బల్ల పక్కనుంచే అచ్చుకి ఇవ్వడానికి వెళ్లాడు. నాకు ఒక్క చూపు చాలింది. జూన్‌లో ముప్పై ఒకటో తేదీ ఉంది.

మాట నోటిదాకా వచ్చింది. గుండె దడ మొదలైంది. బల్ల మీది కాగితం చూశాను. నాలుగు లెక్కపెట్టి పీల్చాను, నాలుగు లెక్కపెట్టి వదిలాను. ఆ చిట్కా నాకు పనిచెయ్యడం అదే మొదటిసారి.

నలభై వేల క్యాలెండర్లు తిరిగొచ్చాయి. ప్రెస్సు యజమాని నా బల్ల దగ్గరికొచ్చి, "ఇది ఎవరు చూశారు?" అన్నాడు. నేను బల్ల మీది ఆ కాగితం పీకి ఇచ్చాను. చదివి ఆయన దాన్ని గడియారం చేతిలో పెట్టాడు. తన సంతకం చూసుకుంటూ గడియారం వాచీ వైపు చూడటమే మరిచిపోయాడు. అబద్ధమెందుకు, నాకు కడుపు నిండినట్టయింది.

గడియారాన్ని పనిలోంచి తీసేస్తే పీడ అక్కడితో పోయేది. యజమాని అలా చెయ్యలేదు. ఆయన్ని నా కింద, నా పక్క కుర్చీలోనే, తప్పులు చూడమని కూర్చోబెట్టాడు. ఇంకొక్క తప్పు దొర్లితే ఇంటికే అన్నాడు.

ఇప్పుడు నేను ఒక్కసారే చూస్తాను. ఆయన మూడుసార్లు చూస్తాడు. వాచీ కూడా పెట్టుకోవడం మానేశాడు. నిన్న ఒక డైరీ పేజీ నా ముందుకి జరిపి, నుదురు తుడుచుకుంటూ, "ఇది సరిగ్గానే ఉంది కదమ్మా?" అని అడిగాడు.

సరిగ్గానే ఉంది. ఒక్క చుక్క కూడా తేడా లేదు.

"ఏమో సార్," అన్నాను. "ఇంకోసారి చూసుకోండి."