నల్లతెర వెనక గొంతు

ఆపరేషన్‌కు ముందురోజు నా భర్త అన్సెల్మో గది తలుపేసుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుని నాకోసం ఏదో చెప్పి రికార్డు చేశాడు. తెల్లారితే డాక్టర్లు స్వరపేటిక తీసేస్తారు.

"వచ్చాక విందువులే. ఇప్పుడే ఏడవకు, అప్పటికి కాస్త దాచుకో" అన్నాడు. అలవాటుగా మూత మూసి ఆస్పత్రికి బయల్దేరాడు.

తిరిగొచ్చి మూత తెరిస్తే తెర నల్లగానే ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం రాదు. విండోస్ వద్దని లినక్స్ పెట్టుకునే ఈ పిచ్చివాళ్ళ లాప్‌టాప్‌లకు పడుకోవడం వచ్చు, లేవడం రాదు. ఏవేవో కీలు నొక్కి నొక్కి, మందుల మత్తుకు అన్సెల్మో మంచమెక్కాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. నికానోర్‌కు ఫోన్ చేశాను. శనివారాలు రొసారియోలోని ఒక బార్ వెనకగదిలో ఒకే మాతె టీ గిన్నె చేతులు మార్చుకుంటూ తాగి, ఇవే గొడవలు పడే జట్టులో వాడొకడు. వెంటనే వచ్చాడు.

"రికార్డు పోదు కదా?" అన్నాను.

"డిస్కులో ఉన్నది ఎక్కడికి పోతుంది, ఎతెల్వినా? పవర్ బటన్ నొక్కి చంపేవాడు పశువు. మేం మర్యాదగా ఆపి, మళ్ళీ మొదలుపెట్టి లేపుతాం."

"అతన్ని పిలవనా?"

"పడుకోనీ. లేచేసరికి వాడి గొంతే వాడికి వినిపిద్దాం."

రెండు కీలు అదిమిపట్టి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ నొక్కసాగాడు. వాళ్ళ జట్టులో అదో గొప్ప. సగంలో అన్సెల్మో గుమ్మంలోకొచ్చాడు. నికానోర్ వీపు అటువైపుంది. అన్సెల్మో నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి. మెడలోని రంధ్రంలోంచి గాలి మాత్రమే వచ్చింది. అతను తలుపు మీద దబదబా బాదేసరికి, లాప్‌టాప్‌ను మళ్ళీ మొదలుపెట్టే ఆఖరి అక్షరం కూడా నికానోర్ నొక్కేశాడు.

తెర చక్కగా వెలిగింది. నికానోర్ నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

అన్సెల్మో గోడకు జారబడి, మాటలకు బదులు వాడే పలక మీద రాశాడు: "పాత డిస్కు అరిగిపోతుందని తాత్కాలిక ఫైళ్ళు మెమరీలో పెట్టాను. రికార్డూ అందులోనే ఉంది, సేవ్ చేయలేదు."

కంప్యూటర్ మళ్ళీ మొదలుపెడితే మెమరీలోది ఉండదని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది, నికానోర్ మొహమే చెప్పింది. వాడు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వెళ్ళిపోయాడు.

"ఏం చెప్పావు అందులో?" అని అడిగాను.

పలక అందించబోతే తోసేశాడు. నా రెండు చేతులూ పట్టుకుని పెదాలు కదిపాడు. ఆగి, నవ్వి, మళ్ళీ కదిపాడు. చాలాసేపే చెప్పాడు. నాకొక్క మాటా అర్థం కాలేదు. అన్నిటికీ తలూపాను.