బుజ్జగిస్తే తింటుంది

మా అత్త వలీబీని నందిగామలోని వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పది రోజులు ఉంచుకోవడానికి వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే. మొదటి పూట అన్నం వాళ్ల ఆయా చేతి మీదుగా తినాలి. తినకపోతే ఇన్సులిన్ ఇవ్వలేరు, ఇవ్వకుండా చేర్చుకోలేరు. నాకేమో మర్నాడు పొద్దున్నే విజయవాడలో గర్భసంచి ఆపరేషన్. అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. రక్తం పోయి పోయి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. ఇంకోసారి వాయిదా వేస్తే నా పూచీ లేదని డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

జగ్గయ్యపేటలో మా ఇంటి దగ్గర వారం నుంచి సర్దుతూనే ఉన్నాను. నైటీలు, డైపర్లు, మందులు, ఆవిడ తస్బీ పూసల దండ. పక్షవాతంతో మాట పోయిన మనిషి కదా, ఏది ఎలా చెయ్యాలో రెండు పేజీలు రాసిచ్చాను.

అహల్య అనే ఆయా ఆ కాగితం చూసుకుంటూ ముద్ద కలిపింది.

"తినండమ్మా, మా బంగారు తల్లి కదూ! ఒక్క ముద్దండీ."

అత్త నోరు బిగించింది. పప్పన్నం గడ్డం మీదికి జారింది. పెరుగన్నం తెచ్చినా అంతే. ఒంటిగంట దాటాక నర్సు వచ్చింది.

"రెండింటిదాకా చూస్తామండీ. తినకపోతే తీసుకెళ్లిపోవాల్సిందే."

మా ఆయన షాకీర్ ముక్త్యాల సిమెంటు లోడు మానుకుని మాతో వచ్చాడు.

"నువ్వు పెట్టు సైరా, తింటది."

"రేపు నేనుంటానా ఇక్కడ?" అని కసిరాను.

అత్త ఎందుకు తినడం లేదో నాకు తెలుసు. తెలిసీ సిగ్గుతో గోడకానుకుని నిలబడ్డాను. 'బుజ్జగిస్తే తింటుంది' అని ఆ కాగితంలో రాశానే, అది పచ్చి అబద్ధం. మూడేళ్లలో ఒక్క పూటైనా బుజ్జగించి ఎరగను. తిట్టుకుంటూ పెడతాను. ఆవిడకీ అదే అలవాటైపోయింది, తిట్టు పడితే గానీ నోరు తెరవదు. పొద్దస్తమానం లారీ మీదుండే మొగుడికి ఇవన్నీ ఏం తెలుస్తాయి?

రెండు కావడానికి పది నిమిషాలుందనగా నర్సు మా సంచులు గుమ్మం దగ్గర పెట్టింది.

"అహల్యా, తిట్టమ్మా ఆవిణ్ని" అన్నాను.

"ఏంటండీ?"

"నేను రోజూ తిట్టే పెడతా. కాగితంలో అబద్ధం రాసా."

షాకీర్ గిరుక్కున తిరిగాడు. "మా అమ్మని తిడతన్నావా?"

"అవును, మూడు పూటలా తిడతన్నా! ఇప్పుడు పంచాయితీ పెట్టమాక."

"పెద్దావిణ్ని ఎట్టా తిట్టనండీ?" అహల్య నసిగింది.

"నోరు తెరుస్తావా, నెత్తిన కుమ్మరించనా ముసలిదానా అను. గట్టిగా!"

మొదటిసారి అహల్య అండీ కలిపి తిట్టింది. అత్త కన్నెత్తి చూడలేదు. అప్పటికి ఆ పిల్లకి నిజంగానే విసుగొచ్చినట్టుంది.

"ఏందే ముసలిదానా, నీ కాడే కూచోవాలా పొద్దుగూకులూ? తెరు నోరు!"

అత్త తల తిప్పి చూసింది. నోరు తెరిచింది. నమిలి మింగింది. రెండో ముద్ద, మూడో ముద్ద. నర్సు ఇన్సులిన్ తేవడానికి వెళ్లింది.

హమ్మయ్య అనుకోవాలి నేను. అనుకోలేకపోయాను. నాకు ఒళ్లు మండిపోయింది. గబగబా వరండాలోకి వచ్చేశాను. వెనకాలే షాకీర్ వచ్చాడు.

"తింటందిగా, ఇంకెందుకేడుస్తన్నావు?"

"మా అత్తని ముసలిదానా అంటదా అది? ఎవతె అది అనడానికి?"

షాకీర్ గుమ్మం దగ్గరికి నడిచాడు. సంచులు మళ్లీ లోపల పెట్టి వచ్చాడు.