తిట్లు తిన్న కంప్యూటర్

ట్యునీషియాలోని స్ఫాక్స్ ఊళ్లో, మునిసిపాలిటీ ఎదురు సందులో షాద్లియా టైపింగ్ కొట్టు ఉంది. దిష్టి తగలకుండా గుమ్మానికి ఎండు చేప తోక కట్టి ఉంటుంది గానీ, లోపలి కంప్యూటర్‌ను చూస్తే దిష్టి పెట్టేవాడికే జాలేస్తుంది. పచ్చబడిన డబ్బా, పగిలిన మూల, దాని మీద అతుకు. నాలుగేళ్ల కిందట భర్త తిజాని పాత సామాన్ల బజారు నుంచి దాన్ని మోసుకొచ్చాడు. ఆ రోజు మొదలు, అర్జీ రాయించుకోవడానికి వచ్చిన ప్రతివాడి ముందూ ఆమె దాన్నీ, తెచ్చినవాణ్నీ కలిపి తిట్టిపోస్తూనే ఉంది.

ఇప్పుడు తిట్టే ఓపిక కూడా లేదు. ఒకటో తారీకు నుంచి అర్జీలన్నీ కొత్త సిస్టం ఉన్న కంప్యూటర్ల నుంచే పంపాలట. ఇది ఆ సిస్టంను మోయలేకపోతే కొట్టు మూసుకోవడమే.

రిపేర్లు చేసే మోంజి గుమ్మంలోనే పెదవి విరిచాడు.

“దీనికి పరీక్ష కూడానా అక్కా? వయసు మొహం మీదే రాసుంది. కొత్తది కొనుక్కో.”

“మొహం చూసి చెప్పడానికి నువ్వెందుకు, సోదమ్మ చాలదూ? దాన్నే అడుగు.”

“అడిగితే మాత్రం ఏం చెబుతుంది?”

“అదే తెలుసుకోవాలనుంది.”

మోంజి పరీక్ష మొదలుపెట్టాడు. షాద్లియా టీ గ్లాసు పక్కన పెట్టుకుని కుర్చీ దగ్గరికి లాక్కుంది. ప్రాసెసర్ సరిపోతుందని వచ్చింది. మెమరీ సరిపోతుందని వచ్చింది. మోంజి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. చివర్లో భద్రతా చిప్ దగ్గర మాత్రం ఎర్ర గుర్తు పడింది. ఆమె కుర్చీలోంచి లేవబోయింది.

“ఉండక్కా. లేకపోవడం వేరు, ఆపేసి ఉండడం వేరు,” అంటూ అతను సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆన్ చేశాడు. ఈసారి అన్నీ పచ్చ గుర్తులే. నమ్మకం కుదరక మూత విప్పాడు.

“డబ్బా ఇరవై ఏళ్లది. లోపలి సరుకు నా కొట్లో ఉన్నదానికంటే కొత్తది. ఎవరో కావాలనే ఇందులో పెట్టారు.”

ఆ ఎవరో ఎదురు కాఫీ కొట్లో పేకాడుతున్నాడు. షాద్లియా కేకేస్తే తిజాని టీ గ్లాసుతోనే వచ్చి, విప్పిన మూత చూసి తల గోక్కున్నాడు.

“ఇన్నేళ్లూ చెప్పలేదేం?”

“చెబితే నలుగురి ముందూ పొగుడుతావు. పక్క కొట్లవాళ్ల కన్ను పడుతుంది. నీ తిట్లే దానికి తాయెత్తు.”

“వాటిల్లో సగం నీకు తగిలాయి కదయ్యా.”

“మరి నాకూ దిష్టి తగల్లేదుగా.”

తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చి ఆమెకు సిగ్గేసింది. ఒక్కదానికైనా ఈ మనిషి ఎదురు చెప్పలేదు.

అంతలో పక్క కొట్టు వహీదా తొంగిచూసింది. “ఏం షాద్లియా, కొత్త సిస్టం ఎక్కిందా?”

మోంజి గబగబా మూత బిగించాడు.

“ఎక్కడమ్మా, మా ఆయన తెచ్చిన డొక్కు. దేవుడి దయవల్ల ఎలాగో ఈడుస్తోంది,” అంటూ షాద్లియా తన టీలో సగం భర్త గ్లాసులో పోసింది.