మద్దెల నిజంగానే ఓడు

నేను ఒక లోడ్‌ని. చిటికెన వేలి కొసంత ఉంటాను. హైదరాబాదులో రాడార్ సర్క్యూట్లు చేసే ఒక ల్యాబ్‌లో, చెక్కపెట్టెలో మూడో గుంట నాది. మైక్రోవేవ్ తరంగం నాలోకి వస్తే చుక్క కూడా వెనక్కి పోనివ్వకుండా మింగేయాలి, అదే నా ఉద్యోగం. ఏ సర్క్యూట్‌ను కొలవాలన్నా ముందు నన్ను యంత్రానికి బిగించి, సున్నా అంటే ఇదీ అని దానికి నేర్పుతారు. ఆ తర్వాత నన్ను పెట్టెలో పడేసి సర్క్యూట్ చుట్టూ మూగుతారు. పదకొండేళ్ళు అలాగే గడిచాయి. నాలోకి వచ్చిన తరంగం తిరిగి వెళ్ళదు, నన్ను బిగించిన మనిషి తిరిగి చూడడు. ఒంటరితనం నాకు కొత్త కాదు.

నన్ను బిగించడానికి ఒక పద్ధతుంది. నా ఒళ్ళు కదలకుండా పట్టుకుని, మెడ దగ్గరి నట్టును మాత్రమే తిప్పాలి. ఒకరోజు ల్యాబ్ పెద్ద వేదాచలం గారు భోజనాల వేళ తొందరలో నన్నే గిర్రున తిప్పేశారు. లోపలి పిన్ను గీసుకుపోయింది. నాకు నోరు లేదు, ఆయనకు తీరిక లేదు. ఆనాటి నుంచి, నాలోకి వచ్చిన తరంగంలో కొంత వెనక్కి తన్నుతున్నా, యంత్రం పాపం నన్నే సున్నా అనుకుంటోంది.

ఆ దెబ్బ సుచరిత మీద పడింది. వాన రాడార్ కోసం ఆమె ఆంప్లిఫయర్ చేస్తోంది. కంప్యూటర్ మోడల్ గీసిన గీత ఒక దారి, కొలతలో వచ్చిన గీత ఇంకో దారి. మూడుసార్లు బోర్డు మార్చింది. శుక్రవారం సమీక్షలో రెండూ కలవకపోతే ఆమె రెండేళ్ళ డిజైన్‌ను పక్కన పడేసి విదేశీది కొంటారు.

"మోడల్ల తప్పు లేదు సార్. నాకు ఈ పెట్టెలున్న కొలత కిట్టు మీదనే అనుమానమున్నది" అంది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా నీ వరస. కంప్యూటర్‌కేం, ఏదైనా చెబుతుంది. కొలత అబద్ధమాడదు" అన్నారు వేదాచలం గారు.

నాకు సిగ్గేసింది. మద్దెల నిజంగానే ఓడు. ఆ మద్దెల నేనే.

గురువారం ఆమె పక్క ల్యాబ్ నుంచి ఇంకో లోడ్ అడిగి తెచ్చింది. నా బదులు దాన్ని బిగించి మళ్ళీ కొలిచింది. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. తర్వాత నన్ను భూతద్దం కింద పెట్టింది.

"సార్, పిన్ను ఎట్ల గీసుకపోయిందో చూడుండ్రి. నట్టు కాకుండ దీన్నే తిప్పిండ్రు ఎవరో."

"ఈ కొత్తవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే" అంటూ ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

శుక్రవారం డిజైన్ నెగ్గింది. నాకు ఎర్ర చీటీ అంటించి సొరుగులో వేశారు. మూడో గుంటలో ఇప్పుడు వేరే లోడ్ ఉంది. ఇక్కడికి తరంగాలు కూడా రావు. ఎప్పుడైనా కొత్తవాళ్ళు చేరితే సుచరిత నన్ను తీసి, "గిట్ల తిప్పొద్దు" అని చూపించి మళ్ళీ పెట్టేస్తుంది.

నిజం చెప్పిన పదకొండేళ్ళూ ఎవరూ నా ముఖం చూడలేదు. తప్పు చెప్పాకే ఒక మనిషి నన్ను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఈ ల్యాబ్‌లో మళ్ళీ ఎవరైనా కొత్తగా చేరితే బాగుండునని ఉంది.